సగం అక్షరం దగ్గర తెగిన మాట

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

మీరు పైథాన్‌లో రాసి పంపిన చాట్ ప్రోగ్రామ్‌ను శ్రద్ధగా చదివాను. ఇంగ్లీషులో పలకరించుకున్నంతసేపూ చక్కగా పనిచేసేది, తెలుగులో "నమస్కారం" అనగానే ఒక్కోసారి ఎందుకు కూలిపోతున్నదని అడిగారు.

నెట్‌వర్క్‌లో డేటాను చేరవేసే టీసీపీ అనే పద్ధతికి సందేశమంటే ఏమిటో తెలియదు, దానికి తెలిసింది బైట్ల ప్రవాహమే. అక్షరాలను బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 పద్ధతిలో "నమస్కారం" 24 బైట్లు: న, మ, స, పొల్లు, క, దీర్ఘం, ర, సున్న, ఒక్కొక్కదానికి మూడేసి. మీ ప్రోగ్రామ్‌లో డేటాను చదివే రీడ్ "100 బైట్ల వరకు" అని అడుగుతుందే గాని అన్నీ వచ్చేదాకా ఆగదు కనుక, ముందుగా 10 బైట్లే చేరితే ఆ పదింటినే మీ చేతిలో పెడుతుంది. తొమ్మిదింటితో "నమస" పూర్తయింది. పదోది పొల్లులో మూడో వంతు. దాన్ని డీకోడ్ చేయబోతే, అంటే తిరిగి అక్షరాలుగా మార్చబోతే, ఎర్రర్ రాక తప్పదు. ఇంగ్లీషు అక్షరానికి ఒక్క బైటే కాబట్టి అక్కడ మాట రెండు ముక్కలైనా లోపం బయటపడలేదు. అందుకని ప్రతి సందేశానికీ ముందు దాని పొడవును నాలుగు బైట్లలో పంపండి; అవతల, అడిగినన్ని బైట్లూ వచ్చేదాకా ఆగే రీడ్‌ఎగ్జాక్ట్‌లీతో మొదట ఆ నాలుగు, తరువాత చెప్పినన్ని బైట్లు చదివి, అప్పుడే డీకోడ్ చేయండి.

అలా కాచుకుంటే ప్రోగ్రామంతా నిలిచిపోతుందని భయపడకండి. కోడ్‌లో అవెయిట్ అని రాసిన చోట, అంటే కాచుకునే చోట, ఆ ఒక్క పనే పక్కకు తప్పుకుంటుంది. ఏ సాకెట్‌లో, అంటే ఏ కనెక్షన్‌లో, డేటా వచ్చిందో పనులను వంతులవారీగా నడిపే ఈవెంట్ లూప్, లినక్స్‌లోనైతే ఈపోల్ అనే సదుపాయం ద్వారా తెలుసుకుని, దానికోసం చూస్తున్న పనిని లేపుతుంది. మీరు ఒకచోట టైమ్ మాడ్యూల్‌లోని స్లీప్ వాడారు, అది మాత్రం అందరినీ ఆపేస్తుంది. దాన్ని, ఆ ఒక్క పనినే ఆపే అసింక్‌ఐఓ స్లీప్‌కు మార్చండి.

రాయడం గురించి మీరు అడగలేదు గాని, నాకు ఎక్కువ బెంగ దానిమీదే. పంపడానికి రైట్ అన్నంత మాత్రాన డేటా అవతలికి చేరినట్టు కాదు. అవతలి ఫోన్‌కు సిగ్నల్ మందగిస్తే, పంపవలసినదంతా మన బఫర్‌లోనే, అంటే పంపేవరకు డేటా ఉండే మెమరీలోనే, పేరుకుపోతుంది. నేను ఉద్యోగంలో ఉండగా రాసిన సర్వర్ ఒకటి ఇలాగే రాత్రంతా మెమరీ మింగి తెల్లవారేసరికి పడిపోయింది. అందులో లేనిది రైట్ తరువాత ఉండవలసిన అవెయిట్ డ్రెయిన్ అనే ఒక్క లైను. బఫర్ హద్దు దాటితే, మామూలుగా అది 64 కిలోబైట్లు, డ్రెయిన్ అది తగ్గేదాకా ఆ పనిని ఆపి ఉంచుతుంది, దాటకపోతే ఆపదు.

మార్చిన కోడ్‌తో పాటు, "నమస్కారం"ను ఒక్కో బైటుకూ మధ్య క్షణమాగుతూ పంపే చిన్న క్లయింట్‌ను కూడా రాసి, దానితో పరీక్షించి పంపండి.

మీ తాతయ్య