మార్కులు మనకు కాకపోతే పరీక్ష ఎవరికి?

చిరంజీవులకు ఆశీస్సులు.

"ఈ పరీక్ష మార్కులు మా ప్రోగ్రెస్ రిపోర్టులో వేయరట, అయినా మాకంటే మా టీచరే ఎక్కువ కంగారు పడుతున్నారు, ఎందుకు?" అని మీలో ఒకరు అడిగారు. చాలా మంచి ప్రశ్న. అది మీ చేత రాయించి బడికి పెట్టే పరీక్ష. వేలాది బళ్లకు ఒకే ప్రశ్నపత్రం ఇచ్చి, చదువు ఎక్కడ సాగుతోందో, ఎక్కడ కుంటుతోందో చూసి, జవాబు చెప్పమని బడినే అడుగుతారు.

ఇంట్లో మిమ్మల్ని గోడకు ఆనించి నిలబెట్టి, తల మీద స్కేలు పెట్టి పెన్సిలుతో గీత గీస్తారు కదా, ఇదీ అలాంటిదే. గీత గీసినంత మాత్రాన ఎవరూ పొడవు పెరగరు, కానీ ఎదగని పిల్లవాడి సంగతి పెద్దల కంటబడుతుంది. చదవలేని పిల్లలను వెనక బెంచీలో మరిచిపోయే బళ్లు ఉన్నాయి కాబట్టి గీత అక్కర్లేదని నేను అనను. అయితే గీత పెరగకపోతే అమ్మానాన్నల జీతం కోస్తామని ఎవరైనా బెదిరిస్తే, వాళ్లు తిండి సంగతి మరిచి పిల్లవాడికి మునివేళ్ల మీద నిలబడటం నేర్పుతారు. గీత పైకి పోతుంది, పిల్లవాడు అంతే ఉంటాడు. పైగా, మొదటినుంచీ పొడగరి అయిన పిల్లవాడి గీతను చూపి పక్కింటివారిని నిందించడం న్యాయం కాదు. నిరుటి గీతకూ ఇప్పటి గీతకూ నడుమ ఎడమెంతో చూడాలి.

నా చిన్నతనంలో ఇన్‌స్పెక్టరు గారు వస్తున్నారంటే మా తరగతిలో రోజుల తరబడి ఒకే పాఠం నడిచేది. ఆ పాఠం పేజీలు వేలిముద్రలతో నల్లబడి, మూలలు మెత్తబడి ఉండేవి. తరువాతి పేజీలు మాత్రం కొత్తవాటిలా ఫెళఫెళలాడేవి. ఒకసారి ఆయన అలాంటి కొత్త పేజీ తిప్పి చదవమంటే ఒక్క గొంతూ పెగలలేదు.

ఇంగ్లండులో 1862లో ప్రభుత్వం బడులకిచ్చే సొమ్మును ఇటువంటి తనిఖీకే ముడిపెట్టింది. చదవడం, రాయడం, లెక్కలు అనే మూడింటిలో ఒకటి తప్పితే పిల్లవాడికి 2 షిల్లింగుల 8 పెన్నీల చొప్పున కోత పడేది. నిజంగా చదువు రాకుండానే పిల్లలను ఆ పరీక్ష గట్టెక్కించవచ్చునని, తానే తనిఖీ అధికారి అయిన మాథ్యూ ఆర్నాల్డ్ 1867లో రాశాడు. ఆ తరువాత అమెరికాలో, 2014 నాటికి ప్రతి పిల్లవాడూ చదవడంలోనూ లెక్కల్లోనూ నిర్ణీత స్థాయిని అందుకోవాలని 2002లో చట్టం వచ్చింది; అందుకోలేని బడులపై చర్యలుండేవి. అక్కడి అట్లాంటా నగరంలో 44 బడుల్లో పెద్దలే పిల్లల తప్పు జవాబులను చెరిపి ఒప్పులుగా దిద్దడం వంటి మోసాలు జరిగినట్లు 2011లో విచారణ తేల్చింది. అది తలచుకుంటే నాకు కోపం కన్నా దిగులే ఎక్కువ, ఎందుకంటే దిద్దిన జవాబు వెనక, సాయం అందవలసిన పిల్లవాడు మరుగునపడిపోయాడు.

అదే దేశంలో 1969 నుంచి మరొక జాతీయ పరీక్ష ఉంది. దానిని కొందరు పిల్లల చేతనే రాయిస్తారు, ఏ పిల్లవాడి ఫలితాన్నీ, ఏ బడి ఫలితాన్నీ ప్రకటించరు. అక్కడ మునివేళ్ల మీద నిలబడే అవసరం ఎవరికీ ఉండదు. గీత గీసే పద్ధతుల్లో నా మనసుకు నచ్చినది అదే.

పరీక్ష అయ్యాక, ప్రశ్నపత్రంలో మీకు రాని ప్రశ్న ఒకటి ఎంచుకుని, టీచరు గారి పక్కన కూర్చుని, మీ ఆలోచన ఎక్కడ దారి తప్పిందో చూపించమని అడగండి. ఆమె ఏమన్నారో నాకు రాయండి.

మీ తాతయ్య