విచారణ సలహా మండలి: అపోహలు – వాస్తవాలు

కతోలిక సంఘంలో విచారణ అంటే ఒక గుడి పరిధిలోని విశ్వాసుల సంఘం (పారిష్). దాన్ని నడిపే ఫాదర్‌గారే విచారణ గురువు. ఆయనకు సలహా ఇచ్చే సభ్యుల బృందమే ఈ మండలి.

అపోహ: ఎక్కువమంది చెయ్యెత్తితే విచారణ గురువు ఒప్పుకుని తీరాలి.

1983 కానన్ చట్టం (కతోలిక సంఘపు చట్టం) 536వ నియమం ప్రకారం మండలిది సలహా ఓటే. అధ్యక్షత విచారణ గురువుదే. ఆయన అధ్యక్షత లేకుండా గానీ, ఆయన వద్దన్నా గానీ కూడి చేసిన తీర్మానాలు చెల్లవని 1997లో రోమ్ స్పష్టంగా చెప్పింది.

అపోహ: అయితే ఫాదర్‌గారు చెప్పినదానికి తలూపడమే మన పని.

మొదటిదానికంటే ఇదే ఎక్కువ చేటు. సలహా అంటే నిర్ణయం ఖాయం కాకముందు అడిగేది. ఆదివారం పూజవేళ సంగతే తీసుకోండి. "ఎనిమిదికి మారుద్దామా?" అంటే అవుననో కాదనో అంటారు, అంతటితో సరి. "ఇప్పటి పూజకు ఎవరు రాలేకపోతున్నారు, ఎందుకు?" అని అడిగితే, జ్ఞానోపదేశం తరగతి అదే వేళకు పడుతోందనీ, ముసలివాళ్లను తీసుకొచ్చే దిక్కు లేదనీ బయటికొస్తుంది.

చర్చనీయాంశాలు వారం ముందే పంపండి, మూడింటికి మించకుండా. మినిట్స్‌లో తీర్మానం ఒక్కటే కాదు, కాదన్నవారి కారణాలూ రాయాలి. గురువు వేరే నిర్ణయం తీసుకుంటే ఎందుకో వచ్చే సమావేశంలో చెప్పాలి, అదీ రికార్డు కావాలి. చట్టం ఇంత వివరంగా అడగదు. కానీ ఈ అలవాటు లేనిచోట సభ్యులు మెల్లగా రావడం మానేస్తారు.

అపోహ: కానుకల లెక్కలూ ఈ మండలే చూస్తుంది.

అది ఆర్థిక మండలి పని (537వ నియమం). ఆర్థిక మండలి ప్రతి విచారణలోనూ ఉండాల్సిందే. సలహా మండలి మాత్రం, గురువుల మండలి (బిషప్‌కు సలహా ఇచ్చే ఫాదర్ల బృందం) అభిప్రాయం విన్నాక పీఠాధిపతి (బిషప్) తగునని భావిస్తేనే. దీన్నీ తప్పనిసరి చేయాలని 2024 సినడ్ (రోమ్‌లో జరిగిన బిషప్‌ల మహాసభ) తుది పత్రం గట్టిగా కోరింది.

రెండు పనులూ ఒకే బల్ల మీద పెడితే సమావేశమంతా పైకప్పు మరమ్మతు కొటేషన్లకే సరిపోతుంది. రోగుల సందర్శన, యువత సంగతి "ఇతర విషయాలు" కిందకు జారిపోతాయి. మరమ్మతు ఎంత అత్యవసరమో సలహా మండలి చెప్పొచ్చు. డబ్బు ఎక్కణ్ణుంచి, ఏ వాయిదాల్లో అన్నది ఆర్థిక మండలి చూస్తుంది. ఖర్చు మామూలు నిర్వహణ పరిధి దాటితే పనికి ముందే మేత్రాసనం (బిషప్ పాలనలోని డయోసిస్) నుంచి రాతపూర్వక అనుమతి తేవాలి. పని మొదలయ్యాక అడగడమే సాధారణంగా జరిగే పొరపాటు. ఆర్థిక మండలిదీ సలహా పాత్రే, ఒప్పందంలో విచారణ తరఫున నిలబడేది విచారణ గురువే. అయితే విశ్వాసులిచ్చిన కానుకల లెక్క విశ్వాసులకు చెప్పాలని 1287వ నియమం అంటోంది.

అపోహ: పెద్ద చందాదారులకే సభ్యత్వం.

చట్టంలో అలాంటి మాటే లేదు. ఎన్నిక పద్ధతి, పదవీకాలం మేత్రాసన నిబంధనావళిలో ఉంటాయి. దాని ప్రతి కొత్త సభ్యులందరికీ మొదటి సమావేశానికే అందాలి.