గంగమ్మ పాటకు ఏ గొంతు కావాలి?

జాతర ఆర్కెస్ట్రాల్లో అమ్మవారి పాటలు ఎవరు పాడాలన్న గొడవ చిత్తూరు వైపు మళ్ళీ రాజుకుంది. గొంతు కాస్త బరువుగా, గరగరగా ఉన్న అమ్మాయిలను ఊపున్న సినిమా పాటలకు రమ్మంటున్నారు. భక్తి పాటల వంతు వచ్చేసరికి పక్కన కూర్చోబెడుతున్నారు. భక్తి పాటకు తియ్యటి గొంతే అందమని, చందాలు ఇచ్చినవాళ్ళు అదే అడుగుతారని కమిటీల వాదన. ఆ అమ్మాయిలు మాత్రం ఒకటే అడుగుతున్నారు: అమ్మవారి పాటను ఇంటింటికీ చేర్చింది ఏ గొంతు?

సుప్రభాతం సంగతి తిరుపతి వాళ్ళకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1963లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి రికార్డు వచ్చినప్పటి నుంచి భక్తి అంటే ఆ గొంతే అన్నంతగా మన చెవులకు అలవాటైపోయింది. పూర్ణకుంభం సర్కిల్ దగ్గర ఆమె విగ్రహమూ ఉంది. ఆ గొంతు గొప్పతనం మీద ఎవరికీ పేచీ లేదు. దాన్నే కొలతగా పెట్టుకుని మిగతా గొంతులను తీసి పక్కన పెట్టడంతోనే పేచీ.

ఒక గొంతు ఒక రకం పాటకే అన్న లెక్క మొదటి నుంచీ ఉన్నది కాదు. అందుకు మన చంద్రగిరికి చెందిన గాయని జిక్కీయే సాక్ష్యం. 1955లో అనార్కలి సినిమాలో అంజలీదేవికి ఆమె పాడింది. అదే ఏడాది రోజులు మారాయిలో వహీదా రెహ్మాన్ ఆడిన ఏరువాక పాటా ఆమెదే. ఒకటి రాజదర్బారు పాట, ఇంకొకటి పొలం గట్టు పాట. ఆ రెండోది ఆమె ఎందుకు పాడాలని అప్పుడు ఎవరూ అడగలేదు. కాస్త పదునుగా, పసితనం పోని ఆ గొంతును జనం రెండు చోట్లా నెత్తిన పెట్టుకున్నారు.

తర్వాతి పదేళ్ళలో పంపకాలు జరిగిపోయాయి. నాయిక పాటంటే పి. సుశీల. క్లబ్బు పాట, కవ్వింపు పాట అంటే ఎల్.ఆర్. ఈశ్వరి. సుశీల గొంతుకు ఆ గౌరవం న్యాయంగానే దక్కింది. ఈశ్వరికి మాత్రం ఒక ముద్ర పడింది. ప్రేమ్‌నగర్‌లో ఘంటసాలతో కలిసి పాడినా, అమ్మ మాటలో మాయదారి సిన్నోడు అని ఊరంతా ఊగేలా పాడినా, ఆ గొంతు పెద్దింటి గడప బయటిదే అన్నట్టు చూశారు. ఇవాళ కమిటీల వాళ్ళు చెప్పే మాటకు బీజం ఇక్కడుంది.

అయితే కథను మలుపు తిప్పింది సినిమా కాదు, క్యాసెట్టు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన ఈశ్వరి తమిళంలో గ్రామదేవత మారియమ్మ పాటలు అందుకుంది. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయింది కానీ, మన నగరి, పుత్తూరు జనం తమిళ ఆడి నెలలో వచ్చే మురుగన్ పండగ ఆడి కృత్తికకు కావళ్ళెత్తుకుని అక్కడికే పోతారు. వాళ్ళ వెంట ఆ పాటలూ ఇటు వచ్చాయి. ఆడి నెలలో వీధి గుడి ముందు అంబలి బాన దించి, వేపమండలు కట్టి, చెట్టుకొమ్మకు గొట్టం మైకు బిగించగానే పెట్టే మొదటి క్యాసెట్టు ఆ రోజుల్లో ఈశ్వరిదే. ఆ మైకులో సన్నటి గొంతు కీచుమంటుంది. ఈశ్వరి గొంతు అలా కాదు. పంబ మోతను, డప్పు దెబ్బను చీల్చుకుని మూడు వీధుల అవతలికి వినిపిస్తుంది. పాట మధ్యలో ఆమె అమ్మను పిలిచే పిలుపుకు పూనకం వచ్చి ఊగిపోయే ఆడవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. క్లబ్బు గొంతని పేరు పెట్టినవాళ్ళే ఆ పిలుపు విని కొబ్బరికాయ కొట్టారు.

దీనికి కమిటీల దగ్గర జవాబు లేదు. ఆవిడ పెద్ద గాయని, ఆవిడ సంగతి వేరు అంటారు. పెద్ద గాయని కాకముందు ఆ గొంతు ఎలా ఉండేదో ఆలోచించరు. పాప్ గాయని ఉషా ఉతుప్‌నూ చిన్నప్పుడు బడిలో సంగీతం క్లాసు నుంచి బయటికి పంపేశారు. గొంతు బరువని.

ఇక గంగమ్మ దగ్గరికే వద్దాం. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి వేషం అయ్యాక బండ వేషం, తోటి వేషం వస్తాయి. ఆ రోజుల్లో నోటికొచ్చిన బూతులు తిట్టడం ఆచారం. మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని, అదే మగ గొంతుతో అమ్మను పిలుస్తారు. అది మొక్కు, అమ్మకు ఇష్టం అంటాం. మరి ఆడపిల్ల బొంగురు గొంతుతో పాడితే అమ్మకు ఎందుకు నచ్చదు? ఆ గడపలో ఏ గొంతుకూ ఎన్నడూ అడ్డు లేదు. అడ్డు పెట్టింది స్టేజీ ఎక్కిన మనమే.

ఇందులో పైకి కనపడని విషయం ఇంకొకటి ఉంది. వెనకటి ఆర్కెస్ట్రాలో హార్మోనియం వాయించేవాడు పాడే మనిషిని చూసి శ్రుతి దించేవాడు, పెంచేవాడు. ఇప్పుడు ఎక్కువ చోట్ల రెడీమేడ్ ట్రాక్, అంటే ముందే రికార్డు చేసిపెట్టిన వాయిద్యాలు. అది మొదట ఏ గొంతు కోసం చేశారో ఆ శ్రుతిలోనే మోగుతుంది. బరువు గొంతున్న పిల్ల పల్లవి దాకా హాయిగా పాడి, చరణంలో పై స్థాయికి పోలేక నీరుగారిపోతుంది. కింద కూర్చున్నవాళ్ళు గొంతు బాగాలేదనేస్తారు. కీబోర్డు మీద ట్రాన్స్‌పోజ్ బటన్ రెండు మెట్లు దించితే తీరిపోయే సమస్య అది. సింగర్లు కొందరు కోరుతున్నదీ ఇదే: ట్రాక్ బదులు కీబోర్డు పెట్టండి, మా శ్రుతిలో ఒక అమ్మవారి పాట పాడనివ్వండి, విన్నాక చెప్పండి. కమిటీలు ఇంకా ఒప్పుకోలేదు. ఖర్చు ఎక్కువవుతుందని ఇప్పుడు కొత్తగా అంటున్నాయి.