తడిసినా చిరగని కాగితం వెనక ఉన్న రెజిన్ కథ

2022 జులై 1న మన దేశంలో ప్లాస్టిక్ స్ట్రాల మీద నిషేధం వచ్చాక చిన్న జ్యూస్ ప్యాకెట్లకు కూడా పేపర్ స్ట్రాలు రావడం మొదలైంది. కాగితం తడిస్తే చిరగాలి కదా? పీచుల్ని పట్టి ఉంచేవి ఎక్కువగా హైడ్రోజన్ బంధాలే, నీళ్లు వాటి మధ్యకి దూరితే మామూలు కాగితం బలంలో పదోవంతు కూడా మిగలదు. అందుకే స్ట్రాలు, టీ బ్యాగులు, కిచెన్ టవల్స్ లాంటి వాటి గుజ్జులో వెట్ స్ట్రెంగ్త్ రెజిన్ అనే సింథటిక్ పాలిమర్ కలుపుతుంటారు. పేచీ అంతా దీని దగ్గరే.

1930లలో యూరియా-ఫార్మాల్డిహైడ్ వచ్చింది, తర్వాత మెలమైన్-ఫార్మాల్డిహైడ్. రెండో ప్రపంచ యుద్ధంలో వానలో తడిసినా పనికొచ్చే మ్యాపులకి అమెరికా సైన్యం ఇలాంటి కాగితమే వాడింది. కానీ ఈ రెజిన్లు గట్టిపడాలంటే గుజ్జు ఆమ్లంగా ఉండాలి, అందుకు పటిక పోయాలి, దాంతో కాగితం కొన్నేళ్లకే పెళుసుబారేది, యంత్రాలు తుప్పు పట్టేవి. పైగా ఫార్మాల్డిహైడ్ ఘాటు.

అమెరికాలో హెర్క్యులీస్ కంపెనీకి చెందిన గెరాల్డ్ కైమ్ దీనికి వేరే దారి కనిపెట్టాడు, 1960లో పేటెంట్ వచ్చింది. అడిపిక్ ఆమ్లాన్నీ డైఇథిలీన్‌ట్రైఅమైన్‌నీ వేడి చేసి, నీటిని బయటికి పంపేస్తూ పాలిఅమైడ్ అనే పొడవాటి గొలుసులాంటి పాలిమర్ తయారు చేస్తారు. దాన్ని నీళ్లలో కరిగించి ఎపిక్లోరోహైడ్రిన్‌తో కలిపితే గొలుసు పొడవునా ధనావేశం ఉన్న చిన్న వలయాలు ఏర్పడతాయి. పీచుది రుణావేశం కాబట్టి రెజిన్ దానికి తనంతట తనే అతుక్కుంటుంది, ఆరబెట్టేటప్పుడు ఆ వలయాలు విడిపోయి నీటికి లొంగని బంధాలు కడతాయి. పటిక అక్కర్లేదు, ఫార్మాల్డిహైడ్ లేదు. మిల్లుల వాళ్లకి ఇంతకంటే ఏం కావాలి! సరుకు డ్రమ్ములోనే గడ్డకట్టకుండా కాస్త ఆమ్లం కలిపి ఉంచితే చాలు.

చిక్కల్లా ఎపిక్లోరోహైడ్రిన్‌తోనే. అదే మనుషుల్లో క్యాన్సర్ కలిగించవచ్చని అనుమానించే పదార్థం, పైగా చర్యలో మిగిలిపోయిన కొంత భాగం నీటితోనూ క్లోరైడ్‌తోనూ కలిసి 1,3-డైక్లోరోప్రొపనాల్, 3-ఎంసీపీడీ అనే క్లోరిన్ సమ్మేళనాలుగా మారుతుంది. ఈ రెండిటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ క్యాన్సర్ కారకాలయ్యే అవకాశం ఉన్న 2బీ జాబితాలో పెట్టింది. ఆహారానికి తగిలే కాగితానికి జర్మనీ లెక్క కఠినం: కాగితం నానబెట్టిన నీటిలో 3-ఎంసీపీడీ లీటరుకి 12 మైక్రోగ్రాములు దాటకూడదు, 1,3-డైక్లోరోప్రొపనాల్ అయితే లీటరుకి 2 మైక్రోగ్రాములున్నా పట్టేసే పరీక్షలో కనబడనే కూడదు. ఈ ఒత్తిడితోనే ఉప ఉత్పత్తులు తక్కువ మిగిలే కొత్త తరం రెజిన్లు వచ్చాయి, అలాగని అన్ని దేశాల్లో అన్ని మిల్లులూ వాటికే మారాయని కాదు.

ఇక రీసైక్లింగ్ సంగతి. తడిసినా విడిపోకూడదనే కదా రెజిన్ కలిపింది, తీరా పాత కాగితాన్ని మళ్లీ గుజ్జు చేయబోతే అది మొండికేస్తుంది. వేడి, క్షారం, పర్‌సల్ఫేట్ వాడాల్సొస్తుంది. కొన్నిచోట్ల క్లోరిన్ ఉన్న బ్లీచ్ అయిన హైపోక్లోరైట్ పోస్తారు, దాంతో వ్యర్థజలాల్లో మళ్లీ క్లోరిన్ సమ్మేళనాలే.

ఐరోపా మాత్రం 2021 మార్గదర్శకాల్లో కాగితంలో కలిపే ఇలాంటి పాలిమర్ సంకలితాల వల్ల కాగితం ప్లాస్టిక్ అయిపోదని తేల్చింది. చట్టం లెక్కన సరే, కానీ ప్యాకెట్ మీద ‘పూర్తిగా సహజం’ అని రాస్తే మాత్రం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.