తెలిసిన పదమే ముంచుతుంది: రీడింగ్ కాంప్రహెన్షన్ (ఆర్‌సీ)లో పదాల అర్థాలపై అపోహలు - వాస్తవాలు

'ప్యాసేజీలో వాడిన ఈ పదానికి దగ్గరి అర్థం ఏది?' బ్యాంకు పరీక్షలు, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్సెస్సీ) పరీక్షలు, లా ప్రవేశానికి రాసే క్లాట్, జీఆర్‌ఈ, శాట్ అన్నింట్లోనూ ఈ ప్రశ్న ఏదో ఒక రూపంలో ఉంటుంది. పదమూ ఆప్షన్లూ కళ్లెదుటే ఉంటాయి కాబట్టి వీటిని చాలామంది సులువు మార్కుల ఖాతాలో వేసేసుకుంటారు. తీరా కీ వచ్చాక చూసుకుంటే మార్కులు పోయింది ముక్కూముఖం తెలియని పదాల దగ్గర కాదు, చిన్నప్పటి నుంచీ తెలుసనుకున్న పదాల దగ్గర.

అపోహ: కష్టమైన పదాలు రాకపోతే చాలు, మిగతావి చేసేయొచ్చు.

తెలియని పదం ఎదురైతే ఎవరైనా ఆగుతారు, ముందూ వెనకా చూస్తారు. తెలిసిన పదం దగ్గర ఎవరూ ఆగరు. ప్రశ్న తయారుచేసేవాళ్లకు కావలసిందీ అదే.

ఈ వాక్యం చూడండి: 'ద మినిస్టర్ గేవ్ ద ప్రపోజల్ ఓన్లీ క్వాలిఫైడ్ సపోర్ట్, ఆస్కింగ్ ఫర్ త్రీ ఛేంజెస్ బిఫోర్ ఇట్ కుడ్ గో అహెడ్.' క్వాలిఫైడ్ అంటే ఏమిటని ప్రశ్న. ఆప్షన్లు ఎలిజిబుల్, స్కిల్డ్, లిమిటెడ్, సర్టిఫైడ్. 'ప్రిలిమ్స్ క్వాలిఫై అయ్యాను' అని రోజూ అనేవాళ్లం కాబట్టి చెయ్యి ఎలిజిబుల్ మీదికి పోతుంది. కాస్త ఆలోచించేవాళ్లు సర్టిఫైడ్ దాకా వెళ్తారు.

ఆప్షన్లు చూడకుండా, ఆ పదం ఉన్నచోట ఖాళీ ఉందనుకుని మిగతా వాక్యం చదవండి. మంత్రి ప్రతిపాదనకు 'కేవలం' ఫలానా రకం మద్దతు మాత్రమే ఇచ్చారు, ముందుకు వెళ్లాలంటే మూడు మార్పులు చేయాలన్నారు. ఆ ఖాళీలో మీరైతే ఏం పెడతారు? 'షరతులతో కూడిన' అనో 'అరకొర' అనో పెడతారు. ఇప్పుడు ఆప్షన్లకు రండి. లిమిటెడ్ తప్ప ఇంకేదీ దానికి దగ్గరగా రాదు. ఇక్కడ జవాబు పట్టిచ్చినవి రెండు: ఓన్లీ అనే చిన్న మాట, మూడు మార్పులు అడగడం.

పైకి తెలిసినట్టే కనబడి మోసం చేసే ఇలాంటి పదాల మీద బాటియా లాఫర్ అనే భాషా పరిశోధకురాలు ప్రత్యేకంగా పనిచేశారు. మనకైతే దీనికి తోడు ఇంకో చిక్కు ఉంది. వందల ఇంగ్లిష్ మాటలు తెలుగులో కలిసిపోయాయి, కలిసేటప్పుడు చాలావాటి అర్థం పక్కకు జరిగింది. మనకు సెంటిమెంట్ అంటే బయల్దేరేటప్పుడు పిల్లి ఎదురొస్తే ఆగిపోవడం, లేదా సినిమాలో తల్లి ఏడ్చే సీను. ప్యాసేజీలో 'పబ్లిక్ సెంటిమెంట్' అంటే జనాభిప్రాయం. మనకు సిన్సియర్ అంటే బుద్ధిగా చదివే కుర్రాడు, అక్కడ మనసులో ఉన్నదే చెప్పే మనిషి. ప్రెస్టీజ్‌కి పోవడం అంటే మన దగ్గర పంతానికి పోవడమే, అక్కడది పేరుప్రతిష్ఠ. టెన్షన్ మనకు గుండెదడ, అక్కడ రెండు దేశాల మధ్యో రెండు వాదాల మధ్యో ఉన్న ఉద్రిక్తత కావచ్చు, తాడు బిగువు కూడా కావచ్చు. టెంపర్ మనకు కోపం. ఆ పదం క్రియగా వస్తే తీవ్రత తగ్గించడం, అంటే దాదాపు వ్యతిరేకం.

అన్నిసార్లూ నష్టమే అనుకోనక్కర్లేదు. 'ప్రత్యర్థి దూకుడుకు చెక్' అని మన పేపర్లలో వచ్చే హెడ్డింగు చదివినవాళ్లకు చెక్ అంటే అడ్డుకట్ట అనే అర్థం వేరే నేర్చుకోవలసిన పనిలేదు. పదం తెలుగులో రోజూ వినిపించేదైతే మాత్రం ఒక్క క్షణం అనుమానించడం మంచిది.

అపోహ: ఒక్కో ఆప్షన్‌నూ వాక్యంలో పెట్టి చదివితే సరైనది దానంతటదే తేలిపోతుంది.

సగం నిజం. పెట్టి చూడటం చివర చేయాల్సిన పని, మొదట కాదు. ఆప్షన్లన్నీ ఒకే వ్యాకరణ రూపంలో ఇస్తారు కాబట్టి అన్నీ వాక్యంలో అతుకుతాయి, రెండుసార్లు చదివితే అన్నీ బాగానే ఉన్నట్టు అనిపిస్తాయి. 'ద కమిటీస్ ఓవర్‌సైట్ వాజ్ సో రిగరస్ దట్ నాట్ ఎ రూపీ వెంట్ మిస్సింగ్' అన్న వాక్యంలో ఓవర్‌సైట్‌కు మిస్టేక్, సూపర్విజన్ రెండూ ఆప్షన్లుగా ఇచ్చారనుకోండి. నిఘంటువులో ఆ పదానికి రెండు అర్థాలూ ఉన్నాయి: పొరపాటున వదిలేయడం, పర్యవేక్షణ. రెండూ వాక్యంలో కూర్చుంటాయి. తేల్చేది ఒక్క రూపాయి కూడా పోలేదన్న చివరి ముక్క. ముందే సొంత మాట అనుకుని వెళ్లినవాళ్లు ఇక్కడ తడబడరు.

అపోహ: రూట్ వర్డ్స్, ప్రిఫిక్సులు వస్తే ఏ పదాన్నయినా విడగొట్టి చెప్పేయొచ్చు.

కోచింగ్ మెటీరియల్‌లో ఎక్కువగా అమ్ముడుపోయే అపోహ ఇదే. 'ఇన్' వస్తే వ్యతిరేకం అని నేర్చుకున్నవాళ్లు ఇన్‌ఫ్లేమబుల్‌ను నిప్పంటుకోనిదిగా గుర్తిస్తారు. అది సులువుగా నిప్పంటుకునేది, ఫ్లేమబుల్‌కూ దానికీ అర్థం ఒకటే. ఇన్‌వాల్యుబుల్ విలువలేనిది కాదు, వెలకట్టలేనిది. మన 'అమూల్యం' కూడా అంతే కదా! 'విజ్ఞానం'లోని 'వి', 'విరూపం'లోని 'వి' ఒకే పని చేయవని తెలిసిన మనం ఇంగ్లిష్ దగ్గరికి వచ్చేసరికి ప్రిఫిక్సును గుడ్డిగా నమ్మేస్తాం.

ఇలా దెబ్బకొట్టేవి ఇంకొన్ని: నాయిసమ్‌కు చప్పుడుతో సంబంధం లేదు, దుర్వాసన కొట్టేదని అర్థం. ఎనర్వేట్ వింటే ఎనర్జీ గుర్తొస్తుంది, అర్థం నీరసపరచడం. రెస్టివ్ అంటే విశ్రాంతిగా ఉండటం కాదు, కుదురుగా ఉండలేకపోవడం. ఇన్‌ఫేమస్ అంటే పేరులేనివాడు కాదు, చెడ్డపేరు మోసినవాడు. జడ్జి డిసింట్రెస్టెడ్‌గా ఉన్నాడంటే ఆసక్తి లేక కునుకు తీస్తున్నాడని కాదు, ఏ పక్షానికీ మొగ్గలేదని.

అలాగని విడగొట్టడం పనికిరాదని కాదు, దాని వంతు చివరిది. న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్‌లో పనిచేసిన భాషా పరిశోధకుడు పాల్ నేషన్, క్లార్క్‌తో కలిసి 1980లో తెలియని పదాన్ని ఊహించడానికి ఒక క్రమం ఇచ్చారు. ఇప్పటికీ దానికి మించినది లేదనే చెప్పాలి. మొదట పదం నామవాచకమా, క్రియా, విశేషణమా తేల్చుకోవాలి. రెండు, అది ఉన్న వాక్యంలో ఎవరు ఎవరిని ఏం చేస్తున్నారో చూడాలి. మూడు, ఆ వాక్యానికి ముందు వెనక వాక్యాలతో ఉన్న సంబంధం చూడాలి: కారణమా, ఫలితమా, విరుద్ధమా, ఉదాహరణా. నాలుగు, ఊహించాలి. అయిదో మెట్టు సరిచూసుకోవడం, పదాన్ని ముక్కలు చేసేది అక్కడ. ముందే విడగొడితే ఏం జరుగుతుందంటే, ముక్కల్లోంచి వచ్చిన అర్థానికి తగ్గట్టు సందర్భాన్ని మనమే వంచేసుకుంటాం.

అపోహ: చుట్టూ ఉన్న వాక్యాల్లో అర్థం దొరికి తీరుతుంది.

దొరకొచ్చు, దొరక్కపోవచ్చు, తప్పుదారీ పట్టించొచ్చు. ఇసబెల్ బెక్ అనే పరిశోధకురాలి బృందం 1983లోనే సందర్భాలను నాలుగు రకాలుగా విడదీసింది: అర్థాన్ని సూటిగా చూపేవి, స్థూలంగా మాత్రమే చెప్పేవి, ఏమీ చెప్పనివి, పక్కదారి పట్టించేవి. ఊరంతా కేరింతలు కొడుతోంది, మేయర్ నవ్వుతున్నాడు, ఒక ముసలాయన సార్డానిక్ నవ్వుతో చూస్తున్నాడని రాశారనుకోండి. చుట్టూ సంబరమే కాబట్టి సంతోషం అని ఊహిస్తాం. అసలు అర్థం ఎగతాళితో కూడిన నవ్వు. 'మాత్రం' అనే భావం ఇచ్చే చిన్న మాట ప్యాసేజీలో ఉంటే బయటపడొచ్చు, అదీ లేకపోతే సందర్భం చేతులెత్తేసినట్టే.

సూటిగా చూపే సందర్భాలకు గుర్తులుంటాయి, వాటిని వదులుకోకూడదు. కామా తర్వాత 'ఆర్' (లేదా అనే అర్థంలో) వచ్చి, అది చెప్పిన మాట తర్వాత మళ్లీ కామా ఉంటే అది చాలాసార్లు నిర్వచనమే. 'కోప్రోలైట్స్, ఆర్ ఫాసిలైజ్డ్ డంగ్,' అని రాస్తే కోప్రోలైట్స్ అంటే శిలగా మారిన పేడ అని రచయితే చెప్పేశాడు. కామాలు లేని 'ఆర్' అయితే అవి రెండు వేర్వేరు వస్తువులు కావచ్చు. కోలన్, డ్యాష్ తర్వాత తరచూ వివరణ ఉంటుంది. ఆల్దో, హౌఎవర్, అన్‌లైక్, రాదర్ దాన్ వస్తే దిశ మారుతుంది. అన్నిటికంటే ఎక్కువమందిని పడగొట్టేది 'ఎనీథింగ్ బట్'. 'హిజ్ వ్యూస్ వర్ ఎనీథింగ్ బట్ పరోకియల్' అంటే ఆయన అభిప్రాయాలు సంకుచితం కానే కావని. అదే 'నథింగ్ బట్' అయితే సంకుచితం తప్ప మరేమీ కాదని. ఒక్క మాటతో జవాబు అటు నుంచి ఇటు తిరిగిపోతుంది.

'దిస్', 'సచ్' అని మొదలైన వాక్యంలో పదం ఉంటే దాని ముందు వాక్యం చదవకుండా ఆప్షన్ పెట్టొద్దు.

అపోహ: తెలుగులో ఆలోచిస్తే తప్పులొస్తాయి, ఇంగ్లిష్‌లోనే ఆలోచించాలి.

ఖాళీలో పెట్టే మాట ఏ భాషలో తడితే ఆ భాషలో అనుకోండి. తెలుగులో అయితే చాలామందికి రెండు సెకన్లలో తడుతుంది. తప్పు వచ్చేది తెలుగు వల్ల కాదు, తెలుగు మాటతో పాటు రెండు విషయాలు పట్టుకెళ్లకపోవడం వల్ల. ఒకటి మోతాదు. 'కోపం' అని ఊరుకుంటే ఇరిటేటెడ్, ఎన్‌రేజ్డ్ రెండూ సరిపోతాయి. చిరాకా, రగిలిపోవడమా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండోది రచయిత మెచ్చుకుంటున్నాడా, తిడుతున్నాడా అన్నది. ఫ్రూగల్, స్టింజీ రెండూ డబ్బు ఖర్చుపెట్టని మనుషులవే, కానీ మొదటిది పొదుపరి, రెండోది పిసినారి. తెలుగులో ఇంత చక్కని జంట ఉండగా ఇంగ్లిష్‌లో తడుముకోవడం ఎందుకు! రఫ్ షీటు మీద పదం పక్కన ఒక ప్లస్సో మైనస్సో వేసుకుంటే ఐదు ఆప్షన్లలో ఒకటో రెండో అప్పటికప్పుడే ఎగిరిపోతాయి.

అపోహ: ఐదువేల పదాల లిస్టు బట్టీపడితే చాలు.

లిస్టులో సాధారణంగా పదానికి ఒక అర్థం ఉంటుంది, ప్యాసేజీ అడిగేది రెండోదో మూడోదో. 'పట్టు'కు పట్టుచీర అని ఒక్క అర్థం నేర్చుకున్నవాడు 'పట్టు వదలని మనిషి' అన్న దగ్గర ఏమైపోతాడో ఊహించండి. అరుదైన పదాల కంటే మామూలు పదాల రెండో ముఖం నేర్చుకోవడం ఎక్కువ లాభం. క్యూరియస్ అంటే వింతైన, నావెల్ అంటే కొత్తదైన, పెడెస్ట్రియన్ అంటే చప్పగా ఉన్న, టెల్లింగ్ అంటే గుట్టు బయటపెట్టే, వాంటింగ్ అంటే లోపించిన. ఛాంపియన్ క్రియగా వస్తే ఒకదాని తరఫున పోరాడటం, హస్బండ్ క్రియగా వస్తే పొదుపుగా వాడటం, ఫ్లాగ్ అయితే నీరసించడం. ఎంటర్‌టైన్ అన్నది ఆలోచనకో ప్రతిపాదనకో వాడితే దాన్ని పరిశీలించడం. టేబుల్ మరీ విచిత్రం. మన పార్లమెంటు భాషలో తీర్మానాన్ని సభ ముందు పెట్టడం, అమెరికాలో దాన్ని పక్కన పెట్టేయడం. ప్యాసేజీ ఏ దేశానిదో చూడకుండా దానికి జవాబు పెట్టకూడదు.

అపోహ: తెలియని ప్రతి పదాన్నీ ఛేదిస్తేనే ప్యాసేజీ అర్థమవుతుంది.

అక్కర్లేదు. చేప పేరో, చెట్టు పేరో అయితే 'ఏదో ఒక చేప' అనుకుని దాటేయండి. ఇంకొకరి సాయం లేకుండా సుఖంగా చదవాలంటే నూటికి 98 పదాలు తెలిసి ఉండాలని 2000లో హు, పైన చెప్పిన పాల్ నేషన్ కలిసి చేసిన పరిశోధన చెబుతుంది. అంటే క్లాట్‌లో వచ్చే సుమారు 450 పదాల ప్యాసేజీలో తొమ్మిదింటి దాకా తెలియకపోయినా బెంగలేదు. ఇరవై ముప్పై తెలియడం లేదంటే మాత్రం ఏ చిట్కా కాపాడదు, ఆ స్థాయి ప్యాసేజీలకు ముందు కొంచెం తేలికవి చదవాలి.

అపోహ: ఐఈఎల్‌టీఎస్‌లో అర్థం పట్టుకుంటే ఏ పదం రాసినా ఒప్పుకుంటారు.

ఒప్పుకోరు. ప్యాసేజీలోంచి పదాలు తీసి ఖాళీలు నింపమన్నప్పుడు ప్యాసేజీలో ఉన్న పదమే, అదే స్పెల్లింగుతో రాయాలి. అర్థం సరిపోయే సొంత సినానిమ్‌కు మార్కు రాదు, పదాల పరిమితి దాటినా రాదు. అక్కడ అసలు పరీక్ష వేరు. ప్రశ్నలో ఒక మాట, ప్యాసేజీలో దాని సమానార్థకం ఉంటాయి, ఆ రెంటినీ కలపగలగాలి. మరీ సాంకేతికమైన పదాలుంటే కింద చిన్న గ్లాసరీ ఇస్తారు. దాన్ని చూడకుండా ఊహలతో కుస్తీపట్టేవాళ్లు తక్కువేం కాదు.

అపోహ: నెగటివ్ మార్కులు ఉన్నాయి కాబట్టి పదం తెలియకపోతే వదిలేయాలి.

లెక్క వేసి చూడండి. బ్యాంకు ఆఫీసర్ల ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో ఐదు ఆప్షన్లు, తప్పుకు పావు మార్కు కోత. పూర్తిగా గుడ్డిగా పెడితే సగటున లాభమూ లేదు, నష్టమూ లేదు. ప్లస్ మైనస్ పద్ధతితో రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మిగిలిన మూడింట్లో ఒకటి పెట్టడం వల్ల సగటున ప్రశ్నకు 0.17 మార్కు దాకా కలిసొస్తుంది. ఎస్సెస్సీ సీజీఎల్ టైర్-1లో నాలుగు ఆప్షన్లు, ఒప్పుకు 2, తప్పుకు అర మార్కు కోత. అక్కడ ఒక్కటి కొట్టేసినా పెట్టడమే లాభం. వదిలేయాల్సింది ఒక్క సందర్భంలోనే: కొట్టేయడానికి ఏదీ దొరకనప్పుడు. అప్పుడు కూడా కారణం కోత కాదు, టైము. ఆ ప్రిలిమ్స్ ఇంగ్లిష్‌లో 20 నిమిషాలకు 30 ప్రశ్నలు, అంటే ఒక్కోదానికి 40 సెకన్లు. పదం ప్రశ్నకు 25 సెకన్లు దాటిందంటే అది మిగతా ప్యాసేజీ ప్రశ్నల టైము తింటున్నట్టే.

ఇంకో మాట, 'దగ్గరి అర్థం' అడిగారా 'వ్యతిరేకం' అడిగారా అన్నది ఆప్షన్ నొక్కే ముందు మళ్లీ ఒకసారి చూడండి. వ్యతిరేకం అడిగిన ప్రశ్నలో సమానార్థకాన్ని కూడా ఒక ఆప్షన్‌గా పెట్టడం మామూలే.