పప్పు బాగా ఉడికే నీళ్లలో ఫ్లోరైడ్

పప్పు త్వరగా ఉడికితే మంచి నీళ్లే అనుకుంటాం. నల్గొండ లాంటి గ్రానైటు నేలల్లో ఈ లెక్క పనికిరాదు. మోతాదు మించితే పళ్లను, కీళ్లను దెబ్బతీసే ఫ్లోరైడ్ అలాంటి నీళ్లలోనే ఎక్కువ ఉండొచ్చు.

పప్పు ఉడక్కుండా సతాయించేది ముఖ్యంగా నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. అదే కాల్షియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని, నీళ్లలో సులువుగా కరగని పదార్థంగా మారుస్తుంది. రాతి పగుళ్లలో నీరు ఏళ్ల తరబడి నిలిచేకొద్దీ కాల్షియం సున్నపు గడ్డలుగా విడిపోతుంది, సోడియం, బైకార్బొనేటు పెరుగుతాయి. ఇక రాతి ఖనిజాల నుంచి దిగే ఫ్లోరైడ్‌కు అడ్డుండదు. చేదబావులు ఎండిపోయి, లోతైన బోర్ల మీద ఆధారపడిన ఊళ్లకు బెడద ఎక్కువ కావడానికి ఇదొక కారణం.

మన ప్రమాణాల ప్రకారం లీటరు నీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 వరకు. అంతకు మించితే ఎదిగే పిల్లల పళ్లపై గోధుమరంగు చారలు వస్తాయి. మోతాదు బాగా ఎక్కువై, ఏళ్ల తరబడి తాగితే వెన్ను, కీళ్లు బిగుసుకుపోతాయి. వంగిన నడుమును మందులు నిటారుగా చేయలేవు. 1937లోనే నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా నుంచి వైద్యులు ఈ జబ్బు గురించి రాశారు. ఇన్ని దశాబ్దాల తర్వాత కూడా మనం దీని గురించి మాట్లాడుకోవాల్సి రావడం బాధాకరం.

నీళ్లు కాచినా ఫ్లోరైడ్ పోదు, ఆవిరి పోయినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. ట్యాంకులో కలిపే బ్లీచింగ్ క్రిములను చంపుతుంది గానీ దీన్ని ముట్టుకోదు. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించిన 'నల్గొండ పద్ధతి'లో నీళ్లకు సున్నం, బ్లీచింగ్, పటిక కలిపి మొదట జోరుగా, తర్వాత నెమ్మదిగా తిప్పుతారు. పటిక నుంచి ఏర్పడిన తెల్లటి తుంపులు ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుగుకు దిగుతాయి. పైన తేరిన నీళ్లు వంచుకోవాలి. చవకైన పద్ధతే. కానీ పటిక చాలా పడుతుంది, కొలత తప్పకూడదు, అడుగున మిగిలిన బురదను ఎక్కడో జాగ్రత్తగా పారబోయాలి. రోజూ ఆ పని చేసే మనిషి లేకపోతే ప్లాంటు మూలన పడుతుంది.

ఇప్పుడు మిషన్ భగీరథ ద్వారా నది నీళ్లు వస్తున్నాయి. నా దృష్టిలో అసలైన పరిష్కారం అదే. అయితే పైపు పగిలి సరఫరా ఆగిన రోజు ఏదైనా పట్టణం మళ్లీ బోరు మోటారే ఆన్ చేస్తే, ముందు పరీక్షించాల్సింది ఆ నీళ్లనే. ఫీల్డ్ కిట్‌లో రసాయనం కలిపిన నీళ్లు గులాబీ నుంచి పసుపుకు తిరిగితే ఫ్లోరైడ్ ఎక్కువున్నట్టు. నిమిషాల్లో అయ్యే ఆ పరీక్ష ఫలితాన్ని తేదీతో సహా ట్యాంకు గోడ మీదే రాయాలి.