తక్కువ బడ్జెట్ గేమింగ్ పీసీ: అపోహలు - వాస్తవాలు

కంప్యూటర్లు అసెంబుల్ చేయడం నా పని. ఆచితూచి ఖర్చు పెట్టాల్సినవాళ్లే డబ్బా మీది పెద్ద అంకె చూసి ఎక్కువగా నష్టపోతుంటారు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: గ్రాఫిక్స్ కార్డులో జీబీలు ఎక్కువుంటే చాలు.

వాస్తవం: ఆ మెమరీ ఏ రకం, ఏ చిప్‌తో వస్తోంది అన్నవీ చూడాలి. జీటీ 1030 కార్డు 2 జీబీతోనే రెండు రకాలుగా వచ్చింది. జీడీడీఆర్5 రకంలో మెమరీ వేగం సెకనుకు 48 జీబీ. డీడీఆర్4 రకంలో 17 జీబీ కూడా ఉండదు. పేరు మాత్రం ఒకటే! జీటీఎక్స్ 1060లోనూ 6 జీబీ కార్డుకు 1280 కోర్లుంటే, 3 జీబీ కార్డుకు 1152 మాత్రమే. అంటే మెమరీతో పాటు చిప్ కూడా తగ్గించారు.

అపోహ: ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ3 కంటే ఐ7 ఎప్పుడూ మెరుగే.

వాస్తవం: 2017లో వచ్చిన ఐ7-7700కేకి, 2022లో వచ్చిన ఐ3-12100కి 4 కోర్లు (పని చేసే భాగాలు), 8 థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనుల వరుసలు). గేముల్లో సాధారణంగా ఐ3దే పైచేయి. పైగా ఆ ఐ7కి విండోస్ 11 అధికారిక సపోర్ట్ లేదు.

అపోహ: ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై) దగ్గర కాస్త మిగుల్చుకోవచ్చు.

వాస్తవం: దయచేసి ఆ పని చేయకండి. కస్టమర్లతో నేను గట్టిగా వాదించేది దీని గురించే. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు ప్రధానంగా 12 వోల్టుల లైన్ మీదే నడుస్తాయి. పైన 500 వాట్లని రాసి, లేబుల్‌లో 12 వోల్టుల దగ్గర మొత్తం 25 ఆంపియర్లే ఉంటే, ఆ లైన్ ఇచ్చేది 300 వాట్లే. లోడ్ పెరగగానే గేమ్ మధ్యలో సిస్టమ్ ఆగిపోతుంది, నింద గ్రాఫిక్స్ కార్డు మీద పడుతుంది. 80 ప్లస్ గుర్తు కూడా పూర్తి భరోసా కాదు. కరెంటు ఎంత తక్కువ వృథా అవుతుందో చెప్పడానికే అది. ఓవర్‌లోడ్, షార్ట్ సర్క్యూట్ రక్షణలు ఉన్నాయో లేదో విడిగా చూసుకోవాలి. మంచిది కొంటే తర్వాతి అప్‌గ్రేడ్‌కూ పనికొస్తుంది.

అపోహ: క్రిప్టోకరెన్సీ మైనింగ్‌కి వాడిన కార్డును ముట్టుకోకూడదు.

వాస్తవం: 2022 సెప్టెంబరులో ఇథీరియం అనే క్రిప్టోకరెన్సీ మైనింగ్‌ను వదిలేశాక ఇలాంటి కార్డులు చాలా అమ్మకానికొచ్చాయి. వాటిలో ముందుగా అరిగేవి ఫ్యాన్లు. చిప్ వేడిని బయటకు పంపే థర్మల్ పేస్టు ఎండిపోతుంది. ఈ రెండూ మార్చుకోవచ్చు. అయితే మీ కళ్లెదుటే అరగంట గేమ్ నడిపించి, టెంపరేచర్ చూశాకే డబ్బివ్వండి. టెస్ట్ చేయనివ్వకపోతే ఎంత చవకైనా వద్దు.

అపోహ: ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్య) తక్కువొస్తోందంటే ఇంకా ఖరీదైన పార్టులు కావాలి.

వాస్తవం: ముందు మానిటర్ కేబుల్‌ను మదర్‌బోర్డుకు కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా చూడండి. 3200 ర్యామ్ కొన్నా, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ర్యామ్‌ను దాని పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ ఆన్ చేయకపోతే అది 2133 లేదా 2666 దగ్గరే నడుస్తుండవచ్చు. 16 జీబీ ఒకే స్టిక్‌గా కాకుండా 8 జీబీవి రెండు తీసుకోండి, మెమరీ వేగం పెరుగుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకుండా రైజెన్ 5 5600జీ లాంటి ప్రాసెసర్‌తో ఆడేవాళ్లకు ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఇక 144 హెర్ట్జ్ మానిటర్ కొన్నవాళ్లు విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్ ఒకసారి తెరవండి, చాలా సిస్టమ్‌లలో అది 60 దగ్గరే ఉండిపోతుంది.